తెరచాటు గాజులు

"నేను పాడను!"

ఆ మాట అన్నది తిరుపాలమ్మ! పెండ్లయిన ముప్పై ఏళ్లలో ఆమె భర్త మాటకు ఎదురు చెప్పింది లేదు. చేతిలోని చేట ఒక పక్కకు ఒరిగి కొర్రలు జలజలా రాలిపోతున్నా చూసుకోకుండా, భర్త జయరాముడి కళ్లలోకి సూటిగా చూస్తూ నిలబడింది. చూపు దించలేదు!

దీనంతటికీ కారణం మద్రాసు నుంచి వచ్చిన ఒక ఉత్తరం. పేరున్న నాటకాలు సినిమాలుగా ఎట్లా మారాయో చూపించే ఒక డాక్యుమెంటరీ తీస్తున్నారట. అందులో పద్మగంధి నాటకం కూడా ఉందట. ఆ నాటకంలో పదహైదేళ్లు రాణి పద్మగంధిగా వేషం కట్టి, పాటతో రాయలసీమను ఊపేసిన జయరాముడు గారిని కంబదూరికే వచ్చి ఫిలిం తీసుకుంటామని, అదే పాట పాడాలని రాశారు. కొడుకు ఓబుళేసు బడిపంతులు. ఉత్తరాన్ని పాఠం చెప్పినట్లు గట్టిగా చదివి, చివరి వాక్యం దగ్గర గొంతు పెంచాడు.

"ఈ ఫిలిము భద్రంగా దాచిపెడతారంట నాయనా! నూరేండ్లయినా ఉంటాదంట!"

నూరేళ్లు! ఆ మాటే తిరుపాలమ్మ గుండెలో ముల్లులా దిగింది.

"పాడనంటే ఎట్ల తిరుపాలూ?" అన్నాడు జయరాముడు బొంగురు గొంతుతో. "నా గొంతు సంగతి నీకు తెలీదా? అప్పట్లో నిలబడినట్లే పక్కతెర ఎనకాల నిలబడు. నేను నోరు ఆడిస్తా. ఒక్క పాట... అంతే కదే!"

"అప్పట్లో తెల్లారితే తెర దించేసేవాళ్లయ్యా. అబద్ధం ఆడికే అయిపోయేది. ఇది నూరేండ్లు ఉంటాదంట. నూరేండ్లు నా గొంతు నీ నోట్లో ఉండల్లనా?"

"అమ్మా, నాయన పరువు..." అని ఓబుళేసు మొదలుపెట్టాడు.

"నువ్వు మాట్లాడొద్దురా! పక్కతెర బొంగు మొదట్లో, నా కాళ్ల దగ్గర గోనెపట్ట మీద నిద్రపోయినోనివి నువ్వు! ఎవరు పాడినారో నీకు తెలీదా?"

ఓబుళేసు తల దించుకున్నాడు. అంతలో పెరట్లో నుంచి నీళ్లబిందె చంకనెత్తుకుని కొత్త కోడలు కదిరమ్మ వచ్చింది. అనంతపురం కాలేజీలో బి.ఏ. చదివింది. పెండ్లయి మూడు నెలలే. పేరు పాతదైనా మనిషి మాత్రం పొద్దున పూసిన పువ్వు! బిందెలో తన ముఖం కనిపించినా నవ్వుతుంది, ఉగ్గాని మీద మిరపకాయ బజ్జి పెట్టి ఇచ్చినా చప్పట్లు కొడుతుంది.

"ఏం పాడవత్తా? ఎవరు పాడమన్నారు?" అంది ముగ్గురి ముఖాల వంకా చూస్తూ.

తిరుపాలమ్మ కూర్చుని, రాలిన కొర్రలను ఒక్కొక్కటిగా ఏరసాగింది...

* * *

మరునాడు పొద్దున కదిరమ్మ రోట్లో చట్నీ నూరుతూ ఒక పాట ఎత్తుకుంది. ఏ పాటనుకున్నారు? పద్మగంధి సినిమాలోని పాటే! ఆ సినిమా వచ్చి పదకొండేళ్లయినా కాలేజీ హాస్టల్లో ఆడపిల్లలంతా రోజూ పాడుకునేవాళ్లు. అడవిలో రాజును వెతుక్కుంటూ రాణి పాడే పాట అది.

"ఏ దెస చూచిన ఎండమావులే... ఏ... ఏ... ఏ..."

ఆలాపన తీసి, పొత్రంతో రోటి అంచు మీద టక్, టక్ అని రెండు దెబ్బలు కొట్టింది. "ఏలికా, నీ జాడ యెచట!" అని అందుకుంది. సినిమాలో ఆ రెండు దెబ్బలు ఉన్నాయి. గ్రామఫోను రికార్డులోనూ ఉన్నాయి. టీ హోటళ్లలో ఆ పాట వస్తే జనం గ్లాసులతో బల్ల మీద కొట్టేవాళ్లు. హాస్టల్లో కంచాల మీద గరిటెలు వాయించి వార్డెనమ్మతో తిట్లు తినడం కదిరమ్మకు ఇప్పటికీ తలుచుకుంటే నవ్వే!

"ఆడ కాదు తట్టేది," అంది తిరుపాలమ్మ పొయ్యి దగ్గర నుంచి, తనకు తెలియకుండానే. "ఆలాపన పూర్తిగా కిందికి దిగల్ల. దిగినాక ఊపిరి తీసుకోని అప్పుడు తట్టల్ల."

అని చెయ్యెత్తి, ముంజేతి గాజులను దూలానికి ఆనించిన కట్టెకు రెండుసార్లు తట్టింది. టింగ్... టింగ్!

కదిరమ్మ చేతిలోని పొత్రం ఆగిపోయింది. అచ్చం రికార్డులో వినిపించే చప్పుడు! పొత్రం చప్పుడు కాదు, గ్లాసు చప్పుడు కాదు... గాజుల చప్పుడు! లేచి వచ్చి అత్త చెయ్యి పట్టుకుని చూసింది. మణికట్టు లోపలి వైపు సన్నసన్నని తెల్లటి గీతలు... ఒకటి కాదు, పది కాదు!

"అత్తా... ఇవేంది? ఆ పాట... నువ్వా?"

ఆ ఒక్క ప్రశ్నతో ఎన్నాళ్లుగానో కట్టిన కట్ట తెగిపోయింది! కొడుకు ముందు ఏడవలేదు, భర్త ముందు ఏడవలేదు, మూడు నెలల క్రితం ఇంటికొచ్చిన పిల్ల భుజం మీద వాలి తిరుపాలమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

ఊరూరా రాత్రంతా గొంతెత్తి పద్యాలు పాడీ పాడీ, రాణి వేషం కట్టిన నాలుగేళ్లకే జయరాముడి గొంతు పోయింది. ఎన్ని కషాయాలు తాగినా తిరిగి రాలేదు. నాటకానికి ఒప్పుకున్న ఊళ్లు మాత్రం ఎదురుచూస్తున్నాయి. వేషం కడితే అంత అందంగా ఒదిగే మనిషి, అంత బాగా నడిచే మనిషి... ఆ మనిషి మూగవాడిలా మూలన కూర్చుని ఏడుస్తుంటే చూడలేక, "నేను పాడతాలేయ్యా" అంది తిరుపాలమ్మ. దంపుడు పాటలు పాడే గొంతు ఆమెది. ఇంటి ఆడది రంగస్థలం ఎక్కకూడదు కనుక పక్కతెర వెనక నిలబెట్టారు. ఆలాపన ఎంతసేపు సాగుతుందో ఆమెకే తెలియదు! అది ముగిసి మాట మొదలవుతుందని తెలియక జయరాముడు ముందే నోరు తెరిచేవాడు, లేకపోతే ఆలస్యంగా తెరిచేవాడు. అందుకని మాట అందుకునే ముందు ఆమె గాజులను తెర బొంగుకు రెండుసార్లు తట్టేది. 'ఇప్పుడు నోరు తెరువు' అని గుర్తు. అంతే! సినిమా వాళ్లు వచ్చి, ముందు వరసలో చాప మీద కూర్చుని పాట రాసుకుని పోయినప్పుడు, ఆ దెబ్బలు కూడా పాటలో భాగమే అనుకుని ఎత్తుకుపోయారు. నాటకం నాటకానికీ రెండు మూడు గాజులు పగిలి చేతిలో గుచ్చుకునేవి. గాజులమ్మే రామక్క, "ఏమమ్మా, గాజులు తింటాండావా ఏంది?" అని ఎగతాళి చేసేది. ఏం చెప్పగలదు? నవ్వి ఊరుకునేది. భర్త మెడలో వెండి పతకాలు పడుతుంటే తెర సందు నుంచి చూసి, కొంగుతో నెత్తురు తుడుచుకునేది...

"పదకొండేండ్లమ్మా! ఒక్కనాడన్నా 'ఇది నా పెండ్లాం గొంతు' అని యాడా అనల్యా ఆయప్ప. అనకపోయినా పోనీ అనుకుంటి. ఇప్పుడు నూరేండ్లంటాండారు. నేను సచ్చినాక కూడా నా గొంతు ఇంకొకరిదే అంటే... ఎట్ల ఓర్చుకోనమ్మా?"

కదిరమ్మ ముఖం ఎర్రబడింది. "నువ్వు ఓర్చుకోవద్దు అత్తా! పాడితే ముందర నిలబడి పాడు. లేకుంటే పాడనే వద్దు. మామ కాదు, మద్రాసే కదిలొచ్చినా సరే!"

ఆ సాయంత్రం ఓబుళేసు కళ్యాణదుర్గం నుంచి అరటాకులో చుట్టి కనకాంబరాలు తెచ్చాడు. మామూలుగా అయితే ఆ పొట్లం విప్పేదాకా కదిరమ్మ మొగుడి చుట్టూ లేగదూడలా తిరిగేది! ఈసారి పొట్లం అందుకుని, నేరుగా పోయి అత్త కొప్పులో మూరెడు మాలా తురిమి వచ్చింది.

"నీకని కదా నేను తెచ్చింది..." అని నసిగాడు ఓబుళేసు.

"మీ అమ్మ నోరు మూసినన్ని దినాలు నా కొప్పులోకి పూలు రావు. పంతులయ్యకు లెక్క అర్థమైందా?" అంది కదిరమ్మ. ఓబుళేసుకు బాగానే అర్థమైంది.

జయరాముడు మాత్రం మెత్తబడలేదు. రెండు రోజులు అన్నం దగ్గర అలిగాడు. మూడోనాడు రామక్క దగ్గర పచ్చగాజులు డజను దారానికి గుచ్చి తెచ్చాడు. ముప్పై ఏళ్లలో తన చేత్తో భార్యకు గాజులు తేవడం అదే మొదటిసారి! తిరుపాలమ్మ కళ్లు ఒక్క క్షణం మెరిశాయి...

"ఇవి తొడుక్కో. పాతవి సరిగ్గా మోగవు," అన్నాడు.

ఆ మెరుపు ఆరిపోయింది. "తొడుక్కోడానికి తెచ్చినావా? తట్టడానికి తెచ్చినావా?"

అతను గాజుల దారాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"తొడుక్కోడానికైతే నువ్వే తొడుగు. తట్టడానికైతే నువ్వే తట్టుకో," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. గాజుల దారం జయరాముడి చేతిలోనే ఉండిపోయింది.

* * *

మద్రాసు వాళ్లు కెమెరాతో రానే వచ్చారు. ఎండ బాగుండాలని పగటిపూటే ఫిలిం తీస్తామన్నారు. ఎండకు కంబదూరులో ఏం కొదవ! బడి మైదానంలో బల్లలు వేసి, వెదురుబొంగులు పాతి, రెండు పక్కలా తెరలు కట్టి పాత రంగస్థలాన్ని మళ్లీ నిలబెట్టారు. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. హార్మోనియం ముందు ఖాజా హుస్సేన్ కూర్చున్నాడు. ఆ రోజుల్లో వాయించిందీ ఆయనే. ఆ రహస్యం తెలిసిన నాటకం వాళ్లలో ఇప్పటికి మిగిలిందీ ఆయనొక్కడే.

జయరాముడు జరీచీర కట్టి, ముఖానికి రంగు పూసుకుని, సవరం పెట్టుకుని వచ్చాడు. యాభై అయిదేళ్ల వయసులోనూ ఆ నడక చూసి జనం ఈలలు వేశారు. అతను మాత్రం పక్కతెర వైపే చూస్తున్నాడు. ఎంత అలిగినా సమయానికి వస్తుంది... రాకుండా ఎట్లా ఉంటుంది... పచ్చగాజుల దారం కూడా నడుముకు దోపుకునే వచ్చాడు!

తిరుపాలమ్మ వచ్చింది. కానీ తెర వెనక్కి కాదు. కోడలి పక్కన, ఆడవాళ్ల మొదటి వరసలో, రంగస్థలానికి ఎదురుగా కూర్చుంది!

కెమెరా గిర్రున తిరగసాగింది. ఖాజా హుస్సేన్ హార్మోనియం మీద శ్రుతి పట్టాడు. జయరాముడు చెయ్యెత్తాడు. పెదవులు కదిలాయి... ఏమీ వినిపించలేదు. అలవాటుగా రెండు దెబ్బల కోసం ఎదురుచూస్తూ అలాగే నిలబడిపోయాడు. ఎవరో కిసుక్కుమన్నారు. తిరుపాలమ్మ కుడిచెయ్యి తనంత తానే లేవబోయింది! ఆ చేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఒళ్లో అదిమింది. కన్నీళ్లు చెంపల మీదుగా జారుతున్నాయి. అయినా సరే... వదల్లేదు!

జయరాముడు గొంతు సవరించుకుని తనే ఎత్తుకున్నాడు. "ఏ దెస..." అంటూనే గొంతు చీలిపోయింది. ఈసారి జనం గట్టిగానే నవ్వారు.

డైరెక్టరు కెమెరా ఆపించి మర్యాదగా ముందుకొచ్చాడు. "పర్వాలేదండీ, కాస్త సేదతీరండి. ఈలోపు ఒక్క మాట చెప్పండి. ఆలాపన తర్వాత రెండు దెబ్బలు వస్తాయి కదా, అది మీ ప్రాంతపు ప్రాచీన తాళ సంప్రదాయమని మేం వ్యాఖ్యానంలో రాసుకున్నాం. దాని అర్థం ఏమిటండీ?"

ఖాజా హుస్సేన్ పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "ఏమప్పా జయరామా, చెప్పు ఆ పెద్దమనిషికి! నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? అల్లా ముందర ఎన్నాళ్లని మోయల్ల ఈ అబద్ధం?"

జయరాముడు ఎదురుగా కూర్చున్న భార్య వంక చూశాడు. ఆమె చూపు దించలేదు. ఆ చూపులో కోపం లేదు, వేడుకోలూ లేదు. నేనిక్కడే ఉన్నాను, వెనక్కి మాత్రం రాను... అంతే! ఆమె ఒక చేత్తో ఇంకొక చేతిని అదిమిపట్టుకుని ఉండడం, ఆ చేతి గీతలు ఎండలో తెల్లగా మెరవడం అతను చూశాడు. అన్నేళ్లు తెరకు అవతల ఉన్న చెయ్యి... చూడాలని అతనికి ఎన్నడూ తోచని చెయ్యి!

అతను నెమ్మదిగా సవరం తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సంప్రదాయం కాదు సామీ," అన్నాడు జయరాముడు. "నేను నోరు తెరవాల్సిన గుర్తు అది. పాట నాది కాదు. ఆమెది. నా పెండ్లాం తిరుపాలమ్మది. పతకాలన్నీ ఆమెవే... నేను ఉత్త నోరు."

మైదానంలోని తలలన్నీ ఆడవాళ్ల మొదటి వరస వైపు తిరిగాయి!

"తిరుపాలూ... రా," అన్నాడు.

"వెనక్కయితే రాను."

"ముందరికే రావే!"

రంగస్థలానికి ముందు వైపు మెట్లు ఉండవు కదా! వేషగాళ్లు ఎక్కేది ఎప్పుడూ వెనక నుంచే. తిరుపాలమ్మ వెనక్కి తిరిగి పోలేదు. కోడలి భుజం మీద ఒక చెయ్యి వేసి, ఓబుళేసు పరుగున వచ్చి తెచ్చి వేసిన బడి కుర్చీ మీద కాలు పెట్టి, ఊరంతా చూస్తుండగా ముందు నుంచే ఎక్కింది! కొప్పులో కోడలు పొద్దున తురిమిన కనకాంబరాలు ఎండకు వాడినా రంగు తగ్గలేదు. ఖాజా హుస్సేన్ శ్రుతి పట్టాడు. కెమెరా మళ్లీ గిర్రున తిరగసాగింది. ఆమె కళ్లు మూసుకుంది.

"ఏ దెస చూచిన ఎండమావులే..."

ఆ గొంతు! రికార్డుల్లో అరిగిపోయిన పాట అప్పుడే పుట్టినట్లు లేచింది. ఆలాపన పైకి వెళ్లి, మైదానం దాటి, ఎండిన చేల మీదుగా తిరిగి, మెల్లగా కిందికి దిగింది... దిగి ఆగింది. ఆమె గాజులు తట్టలేదు. ఎవరికోసం తట్టాలి ఇక?

అప్పుడు పక్కతెర వెనక నుంచి వినిపించింది... టింగ్! టింగ్!

కదిరమ్మ నోరు తెరుచుకుని చూసింది. జరీచీరలో, చెదిరిన రంగుతో, ఆ పదకొండేళ్లూ తిరుపాలమ్మ నిలబడ్డ చోట జయరాముడు నిలబడి, పచ్చగాజుల దారాన్ని బొంగుకు తడుతున్నాడు!

పాట పూర్తయింది. ఒక్క క్షణం తర్వాత ఊరంతా లేచి నిలబడింది. "వన్స్ మోర్! వన్స్ మోర్!" అని అరుపులు, ఈలలు! మద్రాసు డైరెక్టరు కూడా తన కాగితం మీది వ్యాఖ్యానం కొట్టేసి వాళ్లతోపాటు అరుస్తున్నాడు. కదిరమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది, మొగుడి చెయ్యి గిల్లుతోంది!

తిరుపాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, జీవితంలో మొదటిసారి రంగస్థలం మీద నుంచి పక్కతెర వైపు చూసింది.

"ఏమయ్యా, తడవు చేసినావు," అంది అందరికీ వినిపించేలా. "నేను ఊపిరి తీసుకోగానే తట్టల్ల. మల్లా తట్టు!"