ఒకరు ఎక్కలేదు

ఉదయం ఆరున్నరకి టెక్కలి నుంచి మెళియాపుట్టి వెళ్లే బస్సుకి ఆ రోజుల్లో ఒక గొప్ప ఉండేది. దానికి డ్రైవరు ఉండడమే ఆ గొప్ప. 2081 నాటికి పెద్ద ఊళ్లలో బస్సులన్నీ వాటంతట అవే తిరుగుతున్నాయి. ఈ కొండవార పల్లెల్లోనూ ఒకసారి అలాంటివి పెట్టి చూశారు. పదకొండు రోజులు తిరిగాయి. స్టాపులో నిలబడ్డవాళ్లని తప్ప అవి ఎవర్నీ ఎక్కించుకోవు. పన్నెండో రోజున జీడిపప్పు కార్ఖానాకి వెళ్లే ఆడవాళ్లంతా క్యారేజీలు పక్కన పెట్టుకుని రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. చెయ్యెత్తితే ఆగే బస్సు కావాలన్నారు. అంటే మనిషి తోలే బస్సు కావాలన్నమాట.

అలా మిగిలిన డ్రైవర్లలో బొడ్డేపల్లి నీలవేణి ఒకతె. ముప్పై నాలుగేళ్లు. నెలలో ఇరవై రోజులు బస్సు తోలేది. ఆరు రోజులు యుద్ధవిమానం నడిపేది.

"నీలమ్మా, రేపు ఇమానం డ్యూటీయేటి?" అని అడిగేవారు ఎక్కినవాళ్లు.

"అవునే పిన్నీ."

"అయితే ఈయాల మా మీద అలవాటు సెయ్యకు. మలుపుల కాడ కూసింత నెమ్మదిగా తోలు."

బస్సంతా నవ్వేది. నీలవేణీ నవ్వేది. కానీ ఆమె శనివారం ఉదయం బారువ తీరం మీదుగా వెళ్లే వేళకి ఇదే జనం ఎక్కడున్నవాళ్లు అక్కడ ఆగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూసేవారు. మనమ్మాయి వెళ్తోంది అని చెప్పుకునేవారు. వాళ్లకి కనిపించేది తెల్లటి గీత ఒక్కటే అయినా సరే.

ఆ కాలంలో యుద్ధవిమానానికి ఇంకా మనిషి ఎందుకంటే, దేశాలన్నీ కలిసి చేసుకున్న ఒక ఒప్పందం ఉంది. ఆకాశంలో మనిషి లేకుండా ఏ ఆయుధమూ పేలకూడదు. పేల్చినవాడు నేలమీద ఎక్కడో చల్లటి గదిలో కాక అక్కడే, ఆ ప్రమాదంలోనే ఉండాలి. మంచి ఒప్పందమే. కాకపోతే దానికి సరిపడా పైలట్లు దొరకలేదు. అందుకని సగంకాలపు దళం పెట్టారు. టీచర్లు, పశువుల డాక్టర్లు, డ్రైవర్లు, ఎవరైనా రావచ్చు, నెగ్గుకు రాగలిగితే. గిరగిర తిప్పే పెద్ద గానుగలాంటి యంత్రంలో కూర్చోబెట్టి, ఒంటి బరువు ఎనిమిదింతలయ్యేదాకా తిప్పుతారు. నీలవేణితో చేరిన నలభై మందిలో మిగిలింది ఆరుగురు. సెలవులన్నీ ధారపోసి రెండేళ్లు నేర్చుకుందామె. ఎనిమిదింతల బరువులో కళ్లు మసకబారుతున్నప్పుడు ఏమనుకున్నావని తర్వాత ఎవరో అడిగితే, "కార్తీకమాసంలో మా బస్సులో ఇంతకంటే ఎక్కువ బరువుంటాది" అంది.

ఒక్కో పైలట్‌కి ఒక్కో నీడరెక్క ఉండేది. నీడరెక్క అంటే పైలట్ లేని చిన్న విమానం. అది తన మనిషి పక్కనే ఎగురుతుంది. ఆజ్ఞలు ఇవ్వక్కర్లేదు. తన మనిషిని చూసి చూసి, ఈ చోట ఆమే ఉంటే ఏం చేసేదో అది చేస్తుంది. పూర్తికాలపు పైలట్లు రోజూ ఎగురుతారు కాబట్టి వాళ్ల నీడలు ఆకాశంలోనే అంతా నేర్చుకున్నాయి. నెలకి ఆరు రోజులు ఎగిరేవాళ్ల దగ్గర ఏం నేర్చుకుంటాయి? ఆలోచించి ఆలోచించి, నీడరెక్కని కనిపెట్టిన డాక్టర్ షేక్ సఫియా సగంకాలం వాళ్లకి అనుకరణ కడియం చేసింది. చేతికి కడియం, చెవి వెనక మినపగింజంత పరికరం. చెయ్యి కదలిక, గుండె వేగం, చూపు ఎటు పోతోంది, అన్నీ అవి పట్టుకుంటాయి. ఇంట్లోనైనా బస్సులోనైనా సరే, నీడరెక్క విమానస్థావరంలోనే కూర్చుని తన మనిషిని చదువుకుంటుంది.

నీలవేణి తన నీడకి గువ్వ అని పేరు పెట్టుకుంది. ఆరేళ్లుగా అది ఆమె కుడిపక్కన ఎగురుతోంది. అంత చక్కగా ఎగిరే నీడ స్థావరంలో మరొకటి లేదని మెకానిక్కులందరూ ఒప్పుకునేవారు. దానిలో ఉన్న లోపం ఒక్కటే. దాడికి దూసుకుపోతూ పోతూ ఒక్కసారి వెనక్కి చూస్తుంది. నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లలో లక్ష్యం చెయ్యిజారిపోతుంది. మూడు విన్యాసాల్లో మూడుసార్లూ అదే జరిగింది.

స్థావరం అధిపతి వింగ్ కమాండర్ కోనేటి అభిజిత్ చెడ్డవాడు కాదు. పదకొండేళ్లుగా రోజూ ఎగురుతున్నవాడు, తన కింద ఒక్కరికీ గీత పడనివ్వనివాడు. సగంకాలం వాళ్లంటే మాత్రం ఆయనకి పెద్ద గురి లేదు. నీలవేణిని పిలిచి చెప్పాడు.

"శనివారం ఆఖరి పరీక్ష. వెనక నుంచి నేనే స్వయంగా చూస్తాను. మళ్లీ లక్ష్యం తప్పితే గువ్వ జ్ఞాపకం మొత్తం తుడిచేస్తాం. మీరు రెక్కల బ్యాడ్జీ ఇచ్చేసి వెళ్లాలి. నాకూ బాధే నీలవేణీ. కానీ యుద్ధంలో నాలుగు సెకన్లంటే ఒక ప్రాణం."

"తెలుసు సార్" అంది నీలవేణి. గువ్వలో ఉన్నది ఆమె ఆరేళ్లు.

లోపం ఎక్కడుందో వెతకడానికి డాక్టర్ సఫియా ప్రయోగశాలలో చేయని పరీక్ష లేదు. చివరికి బుధవారం నాడు విసిగిపోయి వచ్చి నీలవేణి బస్సెక్కింది. డ్రైవరు వెనక సీట్లో నోటుపుస్తకంతో కూర్చుంది. మూడో ఊరు దాటేసరికి పుస్తకం మూసేసింది.

"నీలవేణీ, తలుపు మూశాక, బండి కదిలాక, అద్దంలోకి ఎందుకు చూస్తున్నావు?"

"ఎవరైనా పరిగెట్టుకొస్తన్నారేమోనని మేడమ్."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. మా రోడ్డులో ఎవరో ఒకరు పరిగెడతానే ఉంటారు."

సఫియా గడియారం చూపించింది. సరిగ్గా నాలుగు సెకన్లు.

నీలవేణికి నవ్వు రాలేదు. శనివారానికి మూడు రోజులుంది. "చూడ్డం మానేస్తే గువ్వ మానేస్తాదా మేడమ్?" అని అడిగింది. మానేయవచ్చు అంది సఫియా. గువ్వ కొత్త అలవాట్లని పాతవాటికంటే ఎక్కువ పట్టించుకుంటుంది.

గురువారం నీలవేణి అద్దం మీద తువ్వాలు కప్పింది. ఒక ఊరు, రెండు ఊళ్లు, మెడ బిగబట్టుకుని రోడ్డు తప్ప మరేమీ చూడకుండా తోలింది. బస్సులోవాళ్లు ఒంట్లో బాగోలేదేటమ్మా అని అడిగారు. మూడో ఊరు దాటాక వెనక సీటు నుంచి ఎవరో, "అయ్యో, రాజేశ్వరి ఉండిపోనాదే!" అన్నారు.

నీలవేణి బ్రేకు మీద నిలబడింది. బస్సుని అంతదూరమూ వెనక్కి తోలింది. కార్ఖానాకి వెళ్లే రాజేశ్వరి ఒగరుస్తూ ఎక్కి, "నువ్వు కూడా ఒగ్గీసి ఎల్లిపోతావేటే?" అంది. కోపంగా కూడా అనలేదు. నమ్మలేనట్టు అంది. నీలవేణి తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంది, మళ్లీ అద్దం మీద వెయ్యలేదు. ఆ రోజూ వెనక సీట్లో కూర్చున్న సఫియా నోటుపుస్తకం సంచిలో పెట్టేసింది.

శనివారం ఉదయం తొమ్మిదింటికి నలుగురు పైలట్లు, నాలుగు నీడలు బంగాళాఖాతం మీదికి లేచారు. మౌన దాడి. అంటే లక్ష్యాన్ని కొట్టేదాకా ఎవరూ ఎవరితోనూ రేడియోలో మాట్లాడకూడదు. తన నీడతో మాత్రం మాట్లాడుకోవచ్చు. ముందు నీలవేణి, వెనక మరో ఇద్దరు, అందరికంటే వెనక పరీక్షాధికారిగా అభిజిత్. నీళ్లకి తాటిచెట్టంత ఎత్తులో, రాడారుకి అందకుండా పోతున్నారు. నలభై కిలోమీటర్ల అవతల లక్ష్యం, ఒక పాత నౌక.

నీలవేణి చేతులు ఆ రోజు ఎంత బాగా పనిచేశాయంటే, ఆమెకే ఆశ్చర్యమేసింది. విమానం ఒంట్లో భాగమైపోయినట్టుంది. నౌక కనుచూపుమేరకి వచ్చింది. ఇంకో ఇరవై సెకన్లు. అప్పుడు చెవిలో గువ్వ గొంతు వినిపించింది.

"ఒకరు ఎక్కలేదు."

అయిపోయింది, వెనక్కి చూడనే చూసింది అనుకుంది నీలవేణి. "గువ్వా, వద్దమ్మా, ముందుకి పద" అంది.

"ఎనిమిది బయల్దేరాం. ఏడున్నాం. వెనక నీళ్లలో ఒకరు చెయ్యెత్తారు. ఆగుతున్నాను. ఆగలేను కాబట్టి చుట్టూ తిరుగుతున్నాను."

గువ్వ కుడిపక్కన లేదు. అప్పటికే తిరిగిపోయింది. ఎదురుగా నౌక దగ్గరవుతోంది. మీట నొక్కితే చాలు, బ్యాడ్జీ తనది, గువ్వ తనది. గువ్వ చూసింది నిజం కాకపోతే రెండూ పోతాయి. నీలవేణి ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆరేళ్లుగా గువ్వ తనని నమ్మింది. "ఉండు, నేనూ వస్తన్నాను" అని విమానాన్ని ఒక రెక్క మీద నిలబెట్టి వెనక్కి తిప్పింది. మౌనం బద్దలుకొట్టి రేడియోలో రక్షణ పడవల్ని పిలిచింది. ఆ పిలుపు విని మిగతా ఇద్దరూ దాడి ఆపేశారు.

నీళ్లలో ఉన్నది అభిజిత్. సముద్రపు కాకుల గుంపు ఆయన ఇంజన్‌లోకి పోయింది. అంత తక్కువ ఎత్తులో ఆయన బయటికి దూకడమే గొప్ప. రేడియో పగిలింది, భుజం విరిగింది. అందరికంటే వెనక ఉన్నాడు కాబట్టి పైలట్లెవరూ చూడలేదు. గువ్వ వచ్చి గిరికీలు కొడుతూ, పడవ వచ్చేదాకా ఆ చోటు వదల్లేదు. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఆయన్ని నీళ్లు తీసుకుపోయేవని పడవవాళ్లు చెప్పారు.

నీలవేణి లక్ష్యం మాత్రం తప్పింది. ఆ మాట కాగితాల మీద అలాగే ఉంది.

పది రోజులకి అభిజిత్, చెయ్యి మెడకి కట్టుకుని, ప్రయోగశాలకి వచ్చాడు. నీలవేణిని అక్కడికే పిలిపించాడు. అందరూ వింటుండగా ఆమెకి నమస్కారం పెట్టాడు. "మీ బ్యాడ్జీ మీ దగ్గరే ఉంటుంది. గువ్వ జ్ఞాపకాన్ని మిగతా నీడలన్నిటికీ ఎక్కించమని డాక్టరుగారికి చెప్పాను."

"ఎక్కించాను సార్. వారం క్రితమే" అంది సఫియా. "నిలవలేదు. మూడు రోజుల్లో పోయింది, అన్నిట్లోంచీ. నీడలు మనం పెట్టింది ఉంచుకోవు. వాటి మనుషులు చేసేది చూసి, అదే ఉంచుకుంటాయి."

అభిజిత్ అడిగాడు. "నా నీడ నా పక్కనే ఉంది కదా. అది నన్ను చూడలేదా డాక్టర్?"

సఫియా జవాబివ్వడానికి ఇష్టపడలేదు. కానీ ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు.

"చూసింది సార్. మీరు పడిన చోటు, సమయం, అన్నీ నమోదు చేసింది. చేసి, లక్ష్యం మీదికి వెళ్లిపోయింది. నౌకని కొట్టింది అదొక్కటే."

నీలవేణికి ఆయన వైపు చూడ్డానికి మనసొప్పలేదు. పదకొండేళ్లు ఒక్క లక్ష్యమూ తప్పని మనిషిని, అచ్చం ఆయనలాంటిదే నీళ్లలో వదిలేసి పోయింది.

"మెరుగైన పైలట్‌ని తయారుచేశాననుకున్నాను" అన్నాడాయన చాలా నెమ్మదిగా. "నేనైనా అదే చేసేవాణ్ణేమో. ఆకాశంలో వెనక్కి చూడమని మాకెవరూ నేర్పలేదు." తర్వాత నీలవేణి వైపు తిరిగాడు. "మీకెక్కడ నేర్పారు?"

"నేర్పడానికేటుంది సార్? మెళియాపుట్టి రోడ్డులో తోల్తే అదే వొస్తాది."

ఆ మాటని ఆమె మామూలుగానే అంది. ఆయన మామూలుగా తీసుకోలేదు.

భుజం అతికిన మరుసటి సోమవారం ఉదయం ఆరున్నరకి టెక్కలి బస్సులో డ్రైవరు సీట్లో కోనేటి అభిజిత్ కూర్చున్నాడు. చేతికి అనుకరణ కడియం ఉంది. నెలకి ఆరు రోజులు, సగంకాలపు బస్సు డ్రైవరు. ఆయన వెనక వంతుకోసం మరో పదిహేడుమంది పైలట్లు పేర్లిచ్చారు. నీలవేణి పక్కన నిలబడి నేర్పుతోంది.

మొదటి రోజు ఇద్దర్ని వదిలేశాడు. రెండో రోజు ఒకావిడ అర కిలోమీటరు పరిగెత్తి ఎక్కి, ఆయన్ని పట్టుకుని కడిగేసింది. "ఏటి బాబూ, ఇమానం తోల్తన్నాననుకున్నావా?"

"క్షమించండమ్మా" అన్నాడు వింగ్ కమాండర్. బస్సంతా పడీపడీ నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

నాలుగో రోజు. మూడో ఊరు. తలుపు మూశాడు, బండి కదిలింది. నీలవేణికి అద్దంలో కనిపించింది, దుమ్ములో ఒక క్యారేజీ ఊగుతూ వస్తోంది, పైన ఒక చెయ్యి. చెప్పాలని నోటిదాకా వచ్చింది. బలవంతాన ఆపుకుంది. చేతిలో ఉన్న కమ్మీని గట్టిగా పట్టుకుంది.

ఒకటి. రెండు. అభిజిత్ కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

మూడు.

బస్సు నెమ్మదించింది. ఆయన అద్దంలోకి చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు, "ఒకరు ఎక్కలేదు" అన్నాడు. తలుపు తెరిచి, రాజేశ్వరి వచ్చేదాకా ఆగాడు.