సీసాలో ఆరు గంటలు

ఇటలీలోని పొజ్జువోలి. ఆదివారం మధ్యాహ్నం రెండున్నర.

ల్యాబ్‌లో, తలుపు తెరిచి ఉన్న ఓవెన్ ముందు పరిశోధక విద్యార్థిని లివియా శవం పడి ఉంది. తల వెనక దెబ్బ. ఓవెన్‌కి ఆనిన చెంప ఎర్రగా బొబ్బలెక్కింది.

"ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది. పోయి రెండు గంటలు దాటలేదు," అన్నాడు డాక్టర్.

ఆ రెండు గంటలూ ల్యాబ్‌లో ఉన్నది సబాతో అనే టెక్నీషియన్ ఒక్కడే. అతని చేతులకు అప్పుడే బేడీలు పడ్డాయి.

"పన్నెండుకు వచ్చిన దగ్గర్నుంచీ వెనక గదిలో సీసాలు కడుగుతున్నానమ్మా! నా బిడ్డల మీద ఒట్టు!"

ఇన్‌స్పెక్టర్ ఇయొలాందా జాలిపడే మనిషి కాదు. "ఏడుపు ఆపు. ఆ యంత్రం మీద ఊగుతున్న సీసా ఏంటి?"

"గంధకం బుగ్గల్లో బతికే సూక్ష్మజీవులమ్మా. అల్ట్రావయొలెట్ కాంతి కొడితే వాటి డి.ఎన్.ఏ. దెబ్బతింటుంది. అప్పుడు ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దలు కట్టి, పక్కదాని మంచి ముక్క తీసుకుని అతుకేసుకుంటాయి. ఆ ముద్దలు గంటగంటకీ పెరుగుతాయి. కాంతి కొట్టిన దగ్గర్నుంచి లివియమ్మ గంటకో చుక్క తీసి ట్యూబులో దాస్తుంది."

స్టాండులో ఒకే ట్యూబు ఉంది. దాని మీద సున్నా: కాంతి కొట్టిన క్షణాన తీసిన చుక్క.

ఇయొలాందా సీసాలోని చుక్కను మైక్రోస్కోపు కింద ఫోటో తీయించింది.

సాయంత్రం ఐదుకు ల్యాబ్ పెద్ద ప్రొఫెసర్ ఆల్తియేరి రోమ్ నుంచి వచ్చాడు.

"నేను తొమ్మిదికే వెళ్లిపోయాను. లివియా పదకొండుకు కాంతి కొడతానంది. ఈ సీసాలు కడిగే వెధవని ఎప్పుడో తన్ని తగలేయాల్సింది!"

"అది సరే. ఈ ఫోటోలో ముద్దలు చూడండి. కాంతి కొట్టి ఎంతసేపయినట్టు?"

ఆయన గర్వంగా నవ్వాడు. "ఇంత పెద్దవా? ఆరు గంటలు. నా స్టూడెంట్లని నిద్రలో లేపి అడిగినా చెబుతారు."

"రెండున్నరకు తీసిన ఫోటో ఇది. అంటే కాంతి కొట్టింది ఎనిమిదిన్నరకి. తొమ్మిదిన్నర ట్యూబు లేదు. గంట తప్పని పిల్ల అప్పటికే పడిపోయింది. గేటు పుస్తకం ప్రకారం టెక్నీషియన్ పన్నెండుకు గానీ రాలేదు. అప్పుడిక్కడున్నది మీరొక్కరే."

ఆయన నవ్వు ఆరిపోయింది.

"ఒళ్లు చల్లారకుండా చేసి డాక్టర్‌ని ఏమార్చడానికి ఓవెన్ తెరిచి పెట్టారు. ఎందుకు చంపారు?"

"ఈ పరిశోధన పేపర్ మీద నా పేరు ఉండకూడదంది. నా పేరు! ఒక్క దెబ్బకే పోయింది..."

"పోలేదు. ఆ బొబ్బలు బతికున్న చర్మం మీద లేచినవి. మీరు రోమ్ రైలెక్కేటప్పటికి ఆమె ఇక్కడ కాలుతూనే ఉంది. ఒక్క ఫోన్ చేసుంటే బతికేది."

ఆల్తియేరి ప్రయోగాల బల్ల వైపు చూశాడు.

"ఆ సీసా... నా ప్రయోగం... పారబోయలేదు కదా?" అన్నాడు.

ఇయొలాందా సబాతోకి వేసిన బేడీలు విప్పించి, అవే ఆయనకు వేయించింది.