పొన్నచెట్టుకు చెప్పిన మాట

సముద్రం ఒడ్డున కెరటపురి అనే రాజ్యం ఉండేది. ఒక ఏడాది ఉప్పెన వచ్చి తీరంలోని ఊళ్ళను ఊడ్చుకుపోయింది. అంతకుముందు గట్టు కట్టించండి మహాప్రభో అని జనం మొత్తుకుంటే ఖజానా ఖాళీ అన్నారు. ఉప్పెన తీశాక, చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా తోట వేయించి, చుట్టూ చలువరాతి గోడ కట్టించారు. రాజుల సంగతి అంతే, పిల్లలూ. గట్టుకు దొరకని రాయి గోరీకి దొరుకుతుంది.

ఆ తోటలో పోయిన మనిషికొక పొన్నచెట్టు. ఒక్కటీ పూయలేదు. పైగా తోట వేసిన నాటి నుంచి రాజ్యంలో నూతులన్నీ ఉప్పుబారాయి. పసిబిడ్డలు గుక్కెడు నీళ్ళకు ఏడ్చేవారు. ఈ శాపం విడిపించినవారికి పట్టం కడతానని, పిల్లల్లేని రాజు ఉదయభద్రుడు చాటింపు వేయించాడు.

జాలరి పిల్ల నూకాలుకు పట్టం అక్కర్లేదు. ఉప్పెన నాడు ఆమె తల్లి "ఎసరు పెట్టవే, వల తీసుకుని వస్తాను" అని గడప దాటింది. ఇప్పుడు తల్లి పేరిట వేసిన చెట్టును కావలించుకుంటే లోపల అదే గొంతు. "ఎసరు పెట్టావా? వస్తానే."

శాపం విడితే అమ్మ బయటికొస్తుందన్న ఆశతో నూకాలు బయలుదేరింది.

మడ అడవిలో మొసలి తల రాక్షసుడొకడు దారికి అడ్డం పడుకున్నాడు.

"ఉప్పుగాలికి పెరిగిన పిల్లవి. నంజుకోడానికేమీ అక్కర్లేకుండా తినొచ్చు" అన్నాడు చప్పరిస్తూ.

"తిను మామా. తిన్నాక దాహమేస్తాది. నీళ్ళెక్కడున్నాయేటి?"

రాక్షసుడు ఆలోచనలో పడ్డాడు. "అదీ నిజమేనే. ఇప్పటికే నాలుక పిడచకట్టుకుపోయింది. ఎక్కు, దీవిలో ముని ఉన్నాడు, శాపం సంగతి ఆయన్నడుగు" అని వీపు మీద దాటించాడు.

దీవిలో ముని ఒళ్ళంతా ఆల్చిప్పలు మొలిచి ఉన్నాయి. నూకాలు చెప్పిందంతా విని ఆయన అడిగాడు.

"తోట చూసి మళ్ళేటప్పుడు మీరేమంటారు?"

"ఏటంటాం తాతా. ఎల్లొస్తాం అంటాం."

"పోయేనాడు వాళ్ళూ అదే అన్నారు. మాట తప్పలేక అక్కడే ఉండిపోయారు. రాలేరు, పోలేరు. వాళ్ళ ఏడుపే మీ నూతుల్లో ఊరుతోంది. ఎవరో ఒకరు పొమ్మనాలి."

"గడప కాడ పగోడినైనా ఆ మాట అనం. అంటే మాయమ్మ వస్తాదా?"

"రాదు. ఆ గొంతు కూడా ఇక వినపడదు."

దారి పొడుగునా ఏడుస్తూనే వచ్చింది నూకాలు. తోట వాకిట్లో ఒక తల్లి, బిడ్డ పెదాలు తడి గుడ్డతో అద్దుతోంది. నూకాలు ఆగి చూసింది. తర్వాత నేరుగా వెళ్ళి తన చెట్టును కావలించుకుంది.

"ఎసరు పెట్టావా? వస్తానే" అంది చెట్టు.

"పెట్టానమ్మా. వండాను, తిన్నాను. కడుపు నిండిపోయింది. నాకోసం చూడకు. ఇంక పో."

చెట్టు ఒకసారి వణికింది. ఆ తర్వాత తోటంతా తెల్లగా పూసింది. నూతుల్లో నీళ్ళు తియ్యనయ్యాయి. రాజు మాట ప్రకారం నూకాలుకు పట్టం కట్టాడు. ఆమె మొదట కట్టించింది గట్టు. చలువరాతి గోడ పగలగొట్టించి, ఆ రాళ్ళనే దానికి పోయించింది.

రాణి అయినా పొద్దుగూకితే తన ఎసరు తనే పెట్టుకునేది. పొయ్యి ముందు కూర్చుని చెవి ఒగ్గేది. నీళ్ళు మరిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.