చూరు కింది దాహం

మోంబ్రె చర్చి గోడ మందంలో ఎద్దులబండి తిప్పుకోవచ్చు. పిడుగు పడి గంట గోపురం కూలితే ఒక తరం మళ్ళీ కట్టింది. ఉత్తరపు గోడ ఒరిగితే ఇంకో తరం కొండల్లాంటి ఆనుడు గోడలు నిలబెట్టింది. చూరు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. రాతిపలకల కప్పు మూరెడు ముందుకొచ్చి, వాననంతా గోడ వారన నేల మీదే పోసేది. అక్కడి నాచులో మేకల మంద మేయొచ్చు. అయినా ఏ తరమూ నీళ్ళు మళ్ళించే దోనె పెట్టలేదు.

ఆంతెల్మ్ పెట్టాడు. రేకుల పనిలో భూమ్మీద తనంతటివాడు లేడని అతనే చెప్పుకునేవాడు. కొత్త పాదిరిగారు అడగడమే ఆలస్యం, మెరిసే జింకు దోనె చుట్టూ బిగించేశాడు. ఆ సాయంత్రం వాన మొదలైతే చూసొచ్చి, వంటింట్లో సూపు ముందు కూర్చున్నాడు. భార్య జెలీ పైగదిలో ఉంది. వారం కిందట ప్రాణం లేని ఆడపిల్లను కన్నాక మంచం దిగలేదు.

"ఒక్క చుక్క కింద పడటం లేదమ్మా. మన తాతలు ఉత్త మొద్దులు."

తల్లి ఫిలొమెన్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మీ నాన్న రేకుల పని చేతకాక దోనె పెట్టలేదనుకున్నావట్రా?" గొంతు తగ్గించింది. "పాపను ఎక్కడ పాతిపెట్టానో నువ్వడగలేదు. జ్ఞానస్నానం లేని బిడ్డకు శ్మశానంలో చోటివ్వరు. అందుకే చూరు కింద పెడతాం. చర్చి కప్పు మీంచి జారే నీళ్ళే వాళ్ళకు జ్ఞానస్నానం. ఒక్క వానతో అయ్యేది కాదు. బతికుంటే ఎన్ని వానలు చూసేవాళ్ళో అన్నిట్లోనూ తడవాలి. అప్పటిదాకా స్వర్గం లేదు."

"ఎక్కడ?"

"ఉత్తరాన, చివరి ఆనుడు గోడ పక్కన. ఒక్కర్తే కాదురా అక్కడ..."

అతను అప్పటికే రేకు కత్తెరతో పరిగెత్తాడు.

ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. వీధులు ఏరులై పారుతున్నాయి. గోడ వారన మాత్రం నేల బూడిదలా పొడిగా ఉంది. పుల్లటి వాసన. చివరి ఆనుడు గోడ పక్కన నిచ్చెన వేశాడు. అప్పుడు వినిపించింది... చప్... చప్... పొదుగు దొరకని గొర్రెపిల్లలు పెదాలాడించే చప్పుడు. గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా.

పాప ఉన్నచోటికి పైన మూరెడు దోనె కత్తిరించాడు. నీళ్ళు దబ్బున పడ్డాయి. కింద ఒక గుటక... చిన్న నిట్టూర్పు. ఆ ఒక్క చప్పుడు ఆగింది.

మిగతావి పెరిగాయి.

నిచ్చెన కదిలింది. కిందనుంచి... మెల్లగా.

"మిగతాది రేపు," అని గొణిగి దూకేశాడు. వెనక్కి చూడకుండా ఇల్లు చేరాడు.

మెట్ల మీద మట్టి. పైగది తలుపు దాకా, గది లోపలా. అంత వానలో... పొడి మట్టి.

జెలీ దుప్పటి మెడదాకా కప్పుకుని, తల వంచి చూసుకుంటోంది.

"చప్పుడు చెయ్యకు," అంది గుసగుసగా. "ఇప్పుడే కుదురుకున్నారు."

"ఎవరు?"

"గొంతులు ఎండిపోయి వచ్చారు పాపం." తలెత్తింది. "మన పాప ఏదీ, వీళ్ళలో లేదే?"

దుప్పటి కింద ఎవరో గుటక వేశారు. ఆ పక్కన ఇంకొకరు.