గాలి అన్న మాట

"గాలి... గాలి..." అన్నాడు పాండియరాజన్. గొంతు బొంగురుపోయి ఆ ఒక్క మాటే వస్తోంది.

బయట ఐప్పసి నెల వాన. దారిలో మేకపిల్లను తప్పించబోయి అతని వ్యాను చింతచెట్టును గుద్దింది. స్టీరింగు రొమ్ముకు తగిలింది. పైకి గాయమే లేదు.

కోవిల్‌పట్టి ఆసుపత్రి వార్డుబాయ్ మునియాండికి తమిళం ఒకటే తెలుసు. ఆ ఊరి తమిళంలో గాలి అంటే ఖాళీ. "పొట్ట ఖాళీ అంటున్నాడు సిస్టర్, ఇడ్లీ తెచ్చేదా?"

నర్సు అముదకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ మాట వినగానే ఆమె మంచం దగ్గరికి పరుగెత్తింది.

"ఏమీ పెట్టద్దు! ఊపిరి ఆడలేదని చెప్తుండారు!"

పాండియరాజన్ తల్లి సీనియమ్మాళ్ కొడుకు మెడ వాపుకు నూనె రాస్తోంది.

"రుద్దద్దమ్మా!" అని అముద అక్కడ వేలు పెట్టింది. చర్మం కింద గాలి చిటపటమంది. అతను దగ్గితే కఫంలో రక్తపు చార కనిపించింది.

డాక్టరు పరుగున వచ్చి ఆక్సిజన్ పెట్టారు. పక్కటెముకల నడుమ గొట్టం వేసి నీళ్ళ సీసాకు కలిపారు. సీసాలో బుడగలు ఆగడం లేదు.

"లోపల ఊపిరిగొట్టం చిరిగుంటుంది. విరుదునగర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు."

అంబులెన్సులో అముదే తోడు వెళ్ళింది. అద్దం మీద వాన చుక్కలు, సీసాలో బుడగలు. రెండూ ముత్యాల్లా మెరుస్తున్నాయి.

"మీరు... మన తెలుగోళ్ళా?" అన్నాడు పాండియరాజన్.

"గమ్మునుండండి. మాట్లాడితే దిగిపోతా."

"పరిగెత్తే... బండిలోంచా?"

"ఊపిరికి కరువుగానీ మాటకు కరువు లేదు!" అంది కోపంగా. అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

విరుదునగర్‌లో డాక్టర్లు దీపమున్న గొట్టంతో లోపలికి చూసి, చిరుగు కనుక్కుని, ఆపరేషన్ చేసి కుట్టారు. కొన్నాళ్ళకు బుడగలు ఆగాయి.

సెలవురోజున అముద కనకాంబరాలు పెట్టుకుని చూడటానికి వచ్చింది. అతను ఇంకా మాట్లాడకూడదు. రెప్ప వెయ్యకుండా చూశాడు.

"కంటికి కూడా రెస్ట్ ఇమ్మన్నారు డాక్టర్," అంది సిగ్గుపడుతూ.

సీనియమ్మాళ్ కొంగుతో నవ్వు దాచుకుంది. "పాపా, మా ఇంటికి కోడలిగా వస్తావా?"

"ఆయన్ని అడగద్దా?"

"వాడు మాట్లాడకూడదు కదా. మనకిదే మంచి సమయం!"

అముద తల వంచుకుని మంచం పక్కనున్న లోటా ఆమె చేతికిచ్చింది.

"నీళ్ళు రవంత రవంతగా తాపండి... అత్తా."

పాండియరాజన్ చప్పుడు లేకుండా నవ్వాడు. రొమ్ము నిండా ఊపిరి పీల్చుకుని, మెల్లగా వదిలాడు.