బయట తాళం

రాత్రి పట్టిన ముసురు తెల్లవారినా విడవలేదు. శామీర్‌పేట చెరువు వైపు ఆకాశం తడిసిన గోనెపట్టలా కిందికి దిగి ఉంది. ఎలీషమ్మ కొంగు తలమీదుగా కప్పుకొని, బైబిలు సంచి చంకన పెట్టుకొని గడప దాటింది. తలుపు మెల్లగా దగ్గరికి లాగి, గొళ్లెం పెట్టి తాళం వేసింది.

పక్కింటి సాలమ్మ వాకిట్లో నీళ్లు ఊడుస్తూ చూసింది.

"ఏంది ఎలీషమ్మా, మల్ల ఇంట్ల మనుషుల్ని వెట్టి తాళమేస్తివి? మేకలనుకున్నవా?"

"మేకలైతే మాటింటయి సాలమ్మా. మా ఆయన ఇంటడా?" అంటూ ఎలీషమ్మ, వెనుక సందులోని మందిరానికి ఉదయ ప్రార్థనకు నడిచింది.

ఆమె భర్త జక్కయ్యకు కొంతకాలంగా మతి నిలవడం లేదు. మొన్న ఎండాకాలంలో పొద్దున్నే లేచి వెళ్లి, లారీలు పరుగెత్తే పెద్దరోడ్డు నడుమ నిలబడ్డాడు. ఎవరో చేయి పట్టుకొని ఇంటికి తెచ్చారు. అప్పటినుంచి ఎలీషమ్మ మందిరానికి వెళ్లినప్పుడల్లా ఇంటికి బయట తాళం పడుతోంది. కొడుకు శాంసన్‌ది రాత్రి డ్యూటీ, ఇంకా రాలేదు. కోడలు రోజీ మందుల కంపెనీలో రెండో షిఫ్టు చేసి వచ్చి ఒళ్లెరగకుండా నిద్రపోతోంది.

రోజీకి మెలకువ వచ్చింది దగ్గుతో. గదిలో పొగ. వంటింట్లోకి పరుగెత్తింది. ముసురుకు ఎక్కడా ఆరక, ఆమె రాత్రి పొయ్యి పైన తాడు కట్టి ఆరేసిన బట్టలు మండుతున్నాయి. కింద పొయ్యి మీద మామ పెట్టిన చాయ గిన్నె. జక్కయ్య దాని ముందు నిలబడి, ఆ మంటను ఎవరి ఇంటి మంటనో చూసినట్టు చూస్తున్నాడు.

"మామా! ఇవుతలికి రా!"

ఒక చేత్తో ఆయన్ను వెనక్కి లాగి, ఇంకో చేత్తో సిలిండరు రెగ్యులేటరు కట్టేసింది. అప్పటికే మంట తాడు వెంబడి పాకి ప్లాస్టిక్ డబ్బాల అరను అంటుకుంది. నల్లటి పొగ. ఆమె వంటింటి తలుపు మూసి, మామను ముందు గదికి తెచ్చి, వీధి తలుపు లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. బయట తాళం కప్ప గొళ్లేనికి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

ఎలీషమ్మకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మందిరంలో ఫోన్ మోగనివ్వదు ఆమె. రోజీ కిటికీ ఊచలు పట్టుకొని అరిచింది. "సాలమ్మక్కా! ఇల్లు కాలుతాంది! తలుపు దెరువుండ్రి!"

సాలమ్మ భర్త గౌరయ్య గడ్డపారతో వచ్చి తాళం మీద కొట్టాడు. మొదటి దెబ్బకు ఊడలేదు. వంటింటి తలుపు సందుల్లోంచి పొగ గదిలోకి వస్తోంది. చివరికి గొళ్లెమే తలుపు నుంచి ఊడివచ్చింది. అందరూ బిందెలతో నీళ్లు పోసి మంట ఆర్పారు.

ఎలీషమ్మ సందు మలుపు తిరిగేసరికి వాకిట్లో జనం, నేలమీద ఊడిపడిన గొళ్లెం.

"నా ఇంటి తాళం వలగ్గొట్టిందెవడు?" అంటూ పరుగెత్తి వచ్చింది. లోపల నల్లబడిన గోడలు చూసి గడప మీదే ఆగిపోయింది.

అదే సమయానికి శాంసన్ డ్యూటీ దిగి వచ్చాడు. సంగతి విని, ముందు భార్య మీదికే వెళ్లాడు. "పొయ్యి మీద బట్టలు ఎవరన్న ఆరేస్తరా? తెలివున్నదా నీకు?"

"లేదు. నాదే తప్పు," అంది రోజీ. పొగకు గొంతు బొంగురుపోయింది. "గని తలుపు తీసుంటే మామను వట్టుకొని బయటికి నడిచిపోతుంటి. మమ్మల్ని లోపల వెట్టి తాళమేసిందెవరో అది గూడ అడుగు."

"తాళమెయ్యకపోతే మీ మామ లారీ కింద వడుతుండె!" ఎలీషమ్మ విరుచుకుపడింది. "ఆయన్నెవరు సూసుకుంటరు? నువ్వు సూసుకుంటవా?"

"నన్ను లేపితివా ఏనాడన్న? లేపితే సూసుకోనా?"

"షిఫ్టు జేసొచ్చి పీనుగోలె పండుకుంటవు. నిద్ర సెడగొట్టుడెందుకని..."

"మస్తు ప్రేమ సూపినవత్తా! నిద్ర సెడకుండ సంపేటోళ్లల్ల నిన్నే సూసిన!"

శాంసన్ చెయ్యెత్తబోయి ఆగాడు. అతని చేతినే చూస్తూ రోజీ అంది. "కీసరల మా అమ్మోళ్లింటికి వోతున్న. మామను గూడ తోల్కపోత. గా ఇంట్ల బయట తాళం లేదు."

"నా మనిషిని నువ్వెట్ల తోల్కపోతవే?"

 ఎలీషమ్మ విసురుగా భర్త దగ్గరికి వెళ్లింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, మొహం నిండా మసి. కొంగు తడిపి తుడవసాగింది. మొహం అయ్యాక చెయ్యి తీసుకుంది. కుడి చేతి మెటికల మీద తోలు లేచిపోయి, నెత్తురు గడ్డకట్టి ఉంది.

"గిదేందయ్యా? కాలిందా?"

"కాలలే. తలుపు కొట్టిన," అన్నాడు జక్కయ్య.

"ఎందుకు?"

"నువ్వు బయటున్నవు గద. పిలిసిన. శానసేపు పిలిసిన ఎలీషా. నువ్వు తియ్యకపోతివి."

ఎలీషమ్మ ఆ చేతిని వదల్లేదు. కొడుకు పేరు, తిన్న తిండి, వేసుకున్న చెప్పులు గుర్తుండని మనిషి. ఆమె తలుపు అవతల ఉంటుందని మాత్రం గుర్తుంది. ఆమె ఆ సమయంలో మందిరంలో కళ్లు మూసుకొని ఈయన క్షేమం కోసమే ప్రార్థన చేస్తోంది. తల వంచి, ఆ మెటికలకు నుదురు ఆనించి, చప్పుడు లేకుండా ఏడ్చింది.

అరుగు దగ్గరే నిలబడి ఇదంతా విన్న రోజీ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇగ మందిరానికి నేను వోనులే," అంది ఎలీషమ్మ తల ఎత్తకుండా.

"పో అత్తా. పోయేటప్పుడు నన్ను లేపు. నేను మామ దగ్గర కూసుంట."

"లేపితే తిడ్తవు."

"తిడ్త. నువ్వు పడు."

శాంసన్ వంటింట్లో మిగిలిన తాడు ముక్కలు తెంపి బయట పడేశాడు. రెగ్యులేటరు విప్పి, సిలిండరు వాకిట్లో పెట్టాడు. తర్వాత తలుపుకు లోపలివైపు, తండ్రి చూపు పడనంత ఎత్తులో గడియ బిగించాడు. భార్యను పిలిచి, "అందుతాందా?" అని అడిగాడు. ఆమె కొనకాళ్ల మీద లేచి, తీసి వేసి చూపింది. "అమ్మా, నువ్వూ రా," అన్నాడు. ఎలీషమ్మకు అందలేదు. విప్పి, కొంచెం కిందికి దించి మళ్లీ బిగించాడు.

పొయ్యి లేని ఇంటికి సాలమ్మ జొన్నరొట్టెలు, పప్పు పంపింది. నలుగురూ ముందు గదిలో చాప మీద కూర్చున్నారు. భోజనం ముందు ఎప్పుడూ ఎలీషమ్మే పైకి ప్రార్థన చేస్తుంది. ఈ రోజు చేతులు జోడించింది గానీ మాట రాలేదు. మిగిలినవాళ్లు ఆమె కోసం ఆగారు. ఆమె తినండన్నట్టు తల ఊపింది.

జక్కయ్య కుడి చేతికి గుడ్డ కట్టి ఉంది. ఎలీషమ్మ రొట్టె తుంచి, పప్పులో అద్ది, ఆయన నోటికి అందించింది. రోజీ అత్త కంచంలో ఇంకో రొట్టె వేసింది. తలుపు బార్లా తెరిచి ఉంది. నలుగురూ తిన్నారు.