ఎదుటివాడి వంతు

ఆ ఏడు తల్లులు చందమామను చూపించి పిల్లలకు అన్నం తినిపించడం మానేశారు.

2089 ఫిబ్రవరిలో చంద్రుడి పక్కన ఒక నల్లటి చుక్క కనబడింది. దూరదర్శినిలో చూస్తే అది మూడు కిలోమీటర్ల పొడవున్న నౌక. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. వచ్చి ఆగింది. భూమి పంపిన పిలుపుల్లో ఒక్కదానికీ బదులు చెప్పలేదు. తొమ్మిది నెలలుగా అలాగే నిలబడి మనల్ని చూస్తోంది. చూస్తోందని జనం అనుకున్నారు. అపార్టుమెంట్లలో పై అంతస్తులు ఖాళీ అయిపోయాయి. అందరూ నేలకు దగ్గరగా, వీలైతే నేల కిందే ఉండాలనుకున్నారు. బళ్ళలో ఎక్కాలకన్నా ముందు బంకరులోకి దిగడం నేర్పుతున్నారు. పగటిపూట చంద్రుడు తెల్లగా కనబడే రోజుల్లో బందరు బస్టాండులో జనం తలలు వంచుకుని నడిచేవాళ్ళు.

అలాంటి రోజుల్లో వకుళ రోజూ పొద్దున తొమ్మిదింటికి నేల కింద ఏడో అంతస్తుకు దిగి, గ్రహాంతరవాసులతో యుద్ధం ఆడేది.

ఆమెకు నలభై ఆరేళ్ళు. సొంత ఊరు నాగాయలంక. ఇరవై ఏళ్ళు బందరు తుఫాను హెచ్చరిక కేంద్రంలో పనిచేసింది. గాలి ముంచుకొస్తున్నప్పుడు ఉన్న పడవల్ని ఏ ఊరికి ముందు పంపాలో, ఏ ఊరికి తర్వాత పంపాలో తేల్చడం ఆమె పని. తుఫానులు లేని నెలల్లో కంప్యూటరు ముందు కూర్చుని వంతుల ఆటలు ఆడేది. ఒక వంతు మనది, ఒక వంతు ఎదుటివాడిది. తొందర లేదు, ఆలోచించినంతసేపు ఆలోచించవచ్చు. అందులో ఆమెను ఓడించినవాళ్ళు లేరు. అందుకే, నౌక వచ్చాక దేశ రక్షణంతా చేపట్టిన తీర రక్షణ మండలి దేశంలో ఏరి తెచ్చిన పన్నెండుమంది ఆటగాళ్ళలో ఆమె ఒకతె అయింది.

ఆట ఒక పెద్ద బల్ల మీద జరిగేది. బల్ల నిండా సన్నటి ఇనుపరజను. కింద అమర్చిన విద్యుదయస్కాంతాల ఆజ్ఞకు ఆ రజనే కాలువలుగా, ఇళ్ళుగా, మనుషులుగా లేచి నిలబడేది. వకుళవైపు పన్నెండుమంది సైనికులు. ఒక్కో వంతులో ఒక్కో సైనికుణ్ణి రెండు పనులు చేయించవచ్చు: నడిపించి దాచవచ్చు, లేదా నడిపించి కాల్పించవచ్చు. అందరినీ కదిపాక మీట నొక్కితే ఎదుటివాడి వంతు వస్తుంది. అప్పుడు చేతులు కట్టుకుని చూడటమే.

ఆ ఎదుటివాడే డాక్టర్ పరాంకుశం కనిపెట్టిన యంత్రం. కాగితాల్లో దాని పేరు ప్రతిపక్షమేధ. నౌక నుంచి వచ్చిన రేడియో తరంగాలను విడదీసి, వాళ్ళు ఎలా ఆలోచిస్తారో దానికి నేర్పామని ఆయన మండలికి చెప్పాడు. ఆటగాళ్ళ నెత్తికి ఒక పట్టీ కట్టేవాళ్ళు. ఆటగాళ్ళ ఎత్తుగడలను నమోదు చేయడానికట. యంత్రం పలికేది ఒకే మాట, మెత్తగా, మర్యాదగా: "మీ వంతు."

వకుళ అరవై ఆటలు ఆడింది. అరవై ఆటలూ ఓడిపోయింది.

అరవై ఒకటో ఆటలో బల్ల మీద దివిసీమ లేచింది. ఆమె ఎరిగిన కాలువలు, ఎరిగిన కరకట్ట. అవనిగడ్డ దగ్గరి తుఫాను షెల్టరులో జనాన్ని దాచి, చుట్టూ సైనికులను నిలబెట్టింది. నిజంగా ఆ షెల్టరులోనే ఆమె భర్త శ్రీహరి, కుడికాలు ఈడుస్తూనే తిరుగుతూ, రెండువందల మంది పిల్లలకు వంట చేయిస్తున్నాడు. ముందు వాకిలి గట్టిది. మెట్లు గట్టివి. మీట నొక్కబోతూ ఆమెకు ఒక్క క్షణం వంటగది వెనక తూము గుర్తొచ్చింది. పటంలో అది లేదు. అమ్మయ్య అనుకుని మీట నొక్కింది.

రజను బుసబుసమని కదిలింది. వంటగది వెనక గోడలో గుండ్రటి కంత ఒకటి తెరుచుకుంది. అందులోంచి పొడవాటి వేళ్ళు, ఆ వెనక మెడ లేని తల పాకుతూ బయటికి వచ్చాయి. ఒకటి కాదు, ఆరు.

"మీ వంతు," అంది యంత్రం.

వకుళ లేచి శ్రీహరికి ఫోను చేసింది.

"ఏమయ్యా, ఆ వెనక తూము ఇంకా ఉందా?"

"ఏ తూము? వంటగది వెనకాలదా? అది పూడ్చేసి నాలుగేళ్ళయిందిగా. నీకు చెప్పలేదూ?" అన్నాడు శ్రీహరి. "ఏంటే, గొంతు అలా ఉంది? తిన్నావా అసలు?"

ఆమె ఫోను పెట్టేసింది. పటంలో లేని తూము, నేల మీద కూడా లేని తూము, తన తలలో తప్ప మరెక్కడా లేని తూములోంచి వాళ్ళు వచ్చారు. చంద్రుడి పక్కన ఉన్నవాళ్ళకు అది ఎలా తెలుస్తుంది? ఆమె చేయి దానంతటదే నెత్తిమీది పట్టీ దగ్గరికి వెళ్ళింది.

పరాంకుశం గదిలో ఒక్కడే కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. సన్నటి మనిషి, వంగిన భుజాలు. వకుళ పట్టీని తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇది ఏం చేస్తుంది డాక్టరుగారూ? నిజం చెప్పండి."

ఆయన పళ్ళెం పక్కకు జరిపాడు. "మెదడు అడుగున బాదంగింజంత ముద్ద ఒకటుంటుందమ్మా. భయం పుట్టేది అక్కడే. ఈ పట్టీ దాన్ని చదువుతుంది. భయగ్రాహి అని పేరు పెట్టుకున్నాను. మీరు దేనికి అందరికన్నా ఎక్కువగా భయపడతారో, ఎదుటివాడు అదే చేస్తాడు."

"మరి ఆ తరంగాలు?"

"ఏ తరంగాలూ రాలేదు. ఆ నౌక ఒక్క మాట మాట్లాడలేదు. శత్రువు ఎలా కదులుతాడో చెప్పమని మండలి అడిగింది. తెలియదని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెప్పే ధైర్యం లేకపోయింది." చేయి కడుక్కోవడం మరిచిపోయి అలాగే కూర్చున్నాడు. "తన భయంతో తాను పోరాడి గెలిచినవాణ్ణి ఇంకెవడూ ఓడించలేడు అనుకున్నాను. పన్నెండుమందీ ఓడిపోతారని అనుకోలేదు."

"ఓడిపోతే ఏమైంది?"

"ఏడువందల ఓటములు చూసి మండలి తేల్చేసింది. వాళ్ళు దిగితే మనం మిగలం కాబట్టి, ముందు మనమే కొట్టాలని. గురువారం నలభై అణుక్షిపణులు వదులుతారు."

ఆ నౌకలో ఏముందో ఎవరికీ తెలియదు. దాన్ని కొట్టాక అది ఏం చేస్తుందో అంతకన్నా తెలియదు. ఇదంతా తన తలలోని తూము మీద, తనలాంటి పదకొండుమంది తలల్లోని పీడకలల మీద ఆధారపడి జరగబోతోంది.

"నేను భయపడకుండా ఆడితే?" అంది.

"ఎవరివల్లా కాలేదు."

"నేను చేసి చూపిస్తా. మండలిని పిలవండి. పిలిచాక మీరు అక్కడ నిజం చెప్పాలి."

బుధవారం పదకొండింటికి ఏడుగురు మండలి సభ్యులు బల్ల చుట్టూ కూర్చున్నారు. అధ్యక్షుడు కోదండపాణి ముప్పై ఏళ్ళు సైన్యంలో పనిచేసినవాడు, గొంతు ఎప్పుడూ పెంచడు. ఆయన కుడిపక్క ఉపాధ్యక్షురాలు సువర్చల, కళ్ళజోడు, బిగించి కట్టిన ముడి. పరాంకుశం తలవంచుకునే నిజమంతా చెప్పాడు. ఎవరూ నమ్మినట్టు లేదు.

వకుళ పట్టీ కట్టుకుంది. సముద్రపు ఒడ్డున గ్రహాంతరవాసులు బారులు తీరి లేచారు. ఆమె తన సైనికుల్లో ఒక్కణ్ణీ కదపలేదు. పాత అలవాటు ప్రకారం గాలివేగాలు చదువుకోసాగింది: బందరు ఇరవై రెండు, నిజాంపట్నం పంతొమ్మిది, హంసలదీవి ఇరవై నాలుగు. అంకె తర్వాత అంకె, మధ్యలో ఇంకేదీ దూరకుండా. మీట నొక్కింది. ఒడ్డున ఎవరూ కదల్లేదు. మళ్ళీ నొక్కింది. ఒకసారి శ్రీహరి ముఖం మనసులోకి రాబోతే ముందువరసలో ఒకటి తల తిప్పింది. ఆమె పళ్ళు బిగించి అంకెల్లోకి పారిపోయింది. వీపంతా చెమటతో తడిసింది. నలభై వంతులు గడిచాయి. అవి నిలబడినచోటే నిలబడి ఉన్నాయి.

"వాళ్ళు ఆగడం చూడటం ఇదే మొదటిసారి," అంది సువర్చల నెమ్మదిగా. "అధ్యక్షా, మనం ఆలోచించాలి."

కోదండపాణి లేచాడు. "నేను కూర్చుంటాను. భయాన్ని బట్టే కదులుతాయంటున్నారుగా. నాకు ఆ జబ్బు లేదు. నేను ఆడినా అవి కదిలాయంటే డాక్టరుగారు చెప్పింది అబద్ధం."

ఆయన పట్టీ కట్టుకుని, సైనికులను చకచకా, తప్పులేకుండా నిలబెట్టి మీట నొక్కాడు. అందరూ ఒడ్డువైపే చూస్తున్నారు. ఒడ్డున అలజడి లేదు. కోదండపాణి పెదవుల మీద చిన్న నవ్వు మొదలయింది.

అప్పుడు ఆయన సైనికుల్లోనే ఒకడు వెనక్కి తిరిగాడు.

తుపాకి గురి కోదండపాణి కూర్చున్న వైపు. సైనికుడి ముఖం మీద రజను మెల్లగా పాకింది. ముక్కు వచ్చింది, కళ్ళజోడు వచ్చింది, బిగించి కట్టిన ముడి వచ్చింది. సువర్చల కుర్చీలో బిగుసుకుపోయింది. రెండో బొమ్మ తిరిగింది, మూడోది తిరిగింది. ఒక్కోదానికీ ఆ గదిలో కూర్చున్న ఒక్కొక్కరి ముఖం. సభ్యులు అయిపోయాక ఆయన డ్రైవరు ముఖం, ఆయన ఇంటి వైద్యుడి ముఖం. పన్నెండో బొమ్మకు ఆయన కొడుకు ముఖం వచ్చింది.

"మీ వంతు," అంది యంత్రం.

కోదండపాణి పట్టీ విప్పి, జాగ్రత్తగా మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. సువర్చలవైపు చూడలేదు.

"డాక్టరుగారు చెప్పింది నిజమే. గురువారం ప్రయోగం ఆపేయండి," అన్నాడు.

వరండాలోకి రాగానే పరాంకుశం చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. వకుళ ఆయన భుజం పట్టుకుని నడిపించింది. భూమి బతికిందనే ఇద్దరూ అనుకున్నారు.

వారం తిరక్కుండా సువర్చల అనారోగ్యంతో పదవికి రాజీనామా చేసిందని ప్రకటన వచ్చింది. ఆమె ఏ ఆసుపత్రిలో ఉందో ఎవరూ చెప్పలేదు. కోదండపాణి డ్రైవరు కనబడకుండా పోయాడు. తర్వాత ఆయన ఇంటి వైద్యుడు. ఆ తర్వాత ఆజ్ఞ వెలువడింది: ప్రతి మండలానికీ ఒక బల్ల, ప్రతి మనిషి నెత్తికీ ఒకసారి పట్టీ. బల్ల మీద ఇక గ్రహాంతరవాసులు ఉండరు. మనిషి మనసు తెలియకుండానే పసిగట్టిన అపాయం అబద్ధం కాదని, ఎవరికి ఎవరంటే భయమో తెలిస్తే ఎవరు ప్రమాదకరమో తెలుస్తుందని ఆ ఆజ్ఞలో రాశారు. జనం బారులు తీరి వెళ్ళి కూర్చున్నారు. తిరిగి వచ్చాక ఎవరి ముఖం పైకి లేచిందో ఇంట్లో కూడా చెప్పేవాళ్ళు కాదు. ఒకరి వాకిట్లో ఒకరు నిలబడి మాట్లాడుకోవడం పోయింది.

మార్చిలో ఒకరోజు నౌక వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళిందో తెలియదు. పేపర్లలో నాలుగో పేజీలో పడింది. చదివినవాళ్ళు కొద్దిమంది.

పరాంకుశం తన యంత్రం తయారీ వివరాలన్నిటినీ చెరిపేసి మాయమయ్యాడు. అసలు సూత్రం ఆయన తలలో మాత్రమే మిగిలింది. ఉన్న బల్లలు పాడైతే బాగుచేయగలవాడు ఇంకొకడు లేడు కాబట్టి ఆయన కోసం ఊరూరా వెతుకుతున్నారు. ఆయన ఎక్కడున్నాడో వకుళకూ, షెల్టరు పని ముగిసి ఇంటికొచ్చిన శ్రీహరికీ మాత్రమే తెలుసు. బందరు పోర్టులో మూతపడిన ఐసు ఫ్యాక్టరీకి శ్రీహరి రోజు విడిచి రోజు మధ్యాహ్నం కారియరులో అన్నం తీసుకెళ్తున్నాడు.

ఏప్రిల్‌లో వకుళ వంతు వచ్చింది. మండలాఫీసులో యువ అధికారి ఒకడు ఆమెను మర్యాదగా కూర్చోబెట్టి, పట్టీ కట్టాడు. బల్ల మీద నల్లటి రజను చదునుగా పరుచుకుని ఉంది.

బందరు ఇరవై రెండు, నిజాంపట్నం పంతొమ్మిది. ఆమె చదువుకోసాగింది. పావుగంట గడిచింది. రజను కదల్లేదు. అధికారి గడియారం చూసుకున్నాడు.

"మీరు గట్టివారండీ. ఇంతసేపు ఖాళీగా ఉంచినవాళ్ళు లేరు," అన్నాడు. తర్వాత, పట్టీ విప్పడానికి చేయి చాస్తూ, మామూలుగా అడిగాడు: "మీ వారు భోజనానికి ఇంటికొస్తారా అమ్మా?"

హంసలదీవి ఇరవై నాలుగు, అనుకుంది వకుళ. హంసలదీవి ఇరవై నాలుగు, హంసలదీవి, హంసలదీవి. తర్వాత అంకె రాలేదు. బల్ల మధ్యలో రజను కొద్దిగా ఉబ్బింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. బుసబుసమనే చప్పుడు మాత్రం ఆగలేదు.

కళ్ళు తెరిచేసరికి ఒక రేకుల షెడ్డు లేచి ఉంది. దాని తలుపు ముందు వంగిన భుజాల మనిషి ఒకడు ఎవరికోసమో ఎదురుచూస్తున్నాడు. రోడ్డు మీద ఇంకొకడు, చేతిలో కారియరుతో, కుడికాలు కాస్త ఈడుస్తూ వస్తున్నాడు.

అధికారి వంగి ఆ షెడ్డు కప్పును, పక్కనున్న జెట్టీని శ్రద్ధగా చూశాడు. చూస్తూనే ఫోను అందుకున్నాడు.

"మీ వంతు," అంది యంత్రం.